ఏడుగురు అమ్మోర్ల కాయితం

బుల్లీ, రాసుకో. నాను సెప్పిన మాట సెప్పినట్టే రాయి. బడి మాటల్లోకి దిద్దకు.

మా తాత పేరు మత్స్యలింగం. తండేలు. తండేలంటే ఓడకి పెద్ద, ఎటు తిప్పమంటే అటే తిప్పాల. మావోల్లందరూ ఒడ్డు కనపడినంత దూరమే సేపల ఏటకెల్లీ రోజుల్లో మా తాత సొంతంగా ఓడ కొన్నాడు. నువ్వుల నూని, బెల్లం, ఎండుసేపలు ఏసుకోని రంగూను ఎల్లేడు. అక్కడ అమ్మి, టేకు దుంగలు, పట్టుబట్టలు తెచ్చీవోడు. మా కులపోల్లలో అంతకు ముందు ఎవుడూ అలాగ ఎల్లలేదు. పదకొండు మార్లు ఎల్లేడు. ఆకరి మారు తుపానులో ఓడ పోయింది, తాత బతికొచ్చేడు. మా ఇంట్లో ఎవుడు పుట్టినా ముందు సెప్పీ కత ఇదే.

ఆయన కాయితాలన్నీ ఓ టేకు పెట్టెలో ఉండీవి. రంగూను రేవులో ముద్రలేసిన కాయితాలు, ఏ పూట గాలి ఎటుందో గుమస్తా రాసిన పుస్తకం, మా నాయినమ్మకి రాయించిన ఉత్తరాలు. అన్నిటికన్నా అడుగున ఓ పెద్ద కాయితం, నాలుగు మడతలు. దాని సివర ఏడు నల్లటి ఏలిముద్రలు.

పెట్టె ముందు తండేలుపేటలో ఉండీది. నక్కపల్లి దాటి సముద్రం ఒడ్డుకెల్తే అదే మా పేట. నలభై పాకలు. ఓ తుపానుకి పేటలోకి నీల్లొచ్చేయి. మా అయ్య ఇంకేదీ పట్టుకోలేదు, పెట్టొక్కటే నెత్తినెట్టుకోని నర్సీపట్నం వొచ్చీసి, ఎండుసేపల యాపారం ఎట్టి ఇక్కడే ఉండిపోయేడు. మిగతా జనం పేటలోనే ఉన్నారు.

మాకెవులికీ సదువు రాదు. నాకు పెల్లయిన ఏడాది మా అయ్య ఆ పెద్ద కాయితం పట్టుకోని యాజులు మాస్టారింటికి ఎల్లేడు. నానూ కూడా ఎల్లేను. మాస్టారు అరుగు మీద కూకోని ఉన్నారు. మా ఒంటి మీద సేపల వాసనొస్తాదని పైపంచి ముక్కుకి అడ్డెట్టుకోని, కాయితం కింద పరిపించి, దూరం నుంచే వొంగి సివరి వరసలు సదివేరు.

"సింహాద్రమ్మ, లోవమ్మ, జోగులమ్మ, నూకాలమ్మ, మరిడమ్మ, బంగారమ్మ, పైడమ్మ. ఏడుగురు. చాలా? ఇంక తీసుకెళ్ళు" అన్నారు.

మా అయ్య ఆ ఈదిలోనే బోర్లా పడి దండం ఎట్టేడు. అయన్నీ అమ్మోర్ల పేర్లే గదా. మన దేశంలో ఏ ఊరి పొలిమేరకెల్లినా ఈ పేర్లే. తాతని సముద్రంలోంచి బతికించిన అమ్మోర్లు ఏడుగురూ కాయితం మీద ఏల్లు ఒత్తేరు అన్నాడు మా అయ్య. ఆ మాట పేటకెల్లింది. పేటలో ఏడు రాల్లు నిలబెట్టీసేరు. ఆ ఏడాది నుంచి ఏట మొదలెట్టీ ముందు పేట జనం నర్సీపట్నం వొచ్చీవోరు. పెట్టె తీసి, కాయితం పీట మీద పరిసి, ఏడుగురు ముత్తయిదువులు ఒక్కో ఏలిముద్ర మీద పసుపు రాసి బొట్టెట్టీవోరు. నలభై ఏల్లు అలాగే సేసేం.

ఆ కాయితాల వల్ల నాకు ఊల్లో ఓ పేరుండీది. సంతలో ఎండుసేపలమ్ముకున్నోడిని ఎవుడు పట్టించుకుంటాడు. నన్ను మాత్రం, "రంగూను తండేలు గారి మనవడు, పోలిరాజు" అనీవోరు. ఆ మాట కోసం నాను ఏటి సేసేనో సెప్తాను.

నాకో తమ్ముడు ఉండీవోడు, ఎర్రన్న. ఆడు పేటలోనే పాకేసుకోని ఏటకెల్లీవోడు. ఆడి పెల్లాం దేముడమ్మ. ఎనిమిదో తరగతి దాకా సదివింది. మాలో ఆడది అంత సదవడం లేదు. మా అప్పయ్యమ్మ, అదే మీ నాయినమ్మ, దాన్ని "కలట్రు గారూ, కూర కలిపీరా" అని ఎక్కిరించీది. డెబ్బై నాలుగులో ఎర్రన్న ఏటకెల్లి తిరిగి రాలేదు. పడవ దొరికింది, మనిషి దొరకలేదు. పిల్లల్లేరు. ఒంటి ఆడది పేటలో ఉండకూడదని సెప్పి నాను దాన్ని నర్సీపట్నం తెచ్చీసేను. అది నలుగురికీ సెప్పిన మాట. నిజానికి మాకు సేపలు కోసీ సెయ్యొకటి కావాల.

రెండేల్లు కోసింది. నెలకో పాలి అడిగీది.

"నా పాక నాకుంది బావా. నన్నక్కడ ఒగ్గీ."

"ఒగ్గీస్తే ఏటి తింటావే?"

"ఇక్కడేటి తింటన్నాను? మీరు అమ్మగా మిగిలిన తలకాయలే గదా."

దానికి ఆ పాకే లోకం. నిట్టాడి ఎర్రన్న సేత్తో పాతింది, పైకప్పంతా నిలబెట్టీ నడిమి కర్ర అది. దాని మీద ఇద్దరి ఎత్తులూ గాట్లెట్టుకున్నారట.

డెబ్బై ఆరులో పూజ రోజు. పేట జనం పెరట్లో కూకోని టీలు తాగుతున్నారు. ముండమోపి పూజలో కనపడకూడదు గనక దేముడమ్మని వొంటింట్లో ఉండమన్నాం. కాయితాలు పొడుగ్గదిలో పరిసి, కలరా ఉండలు దులిపి గాలికి ఆరెట్టేం. నాను పసుపు కోసం లోపలికెల్తే దేముడమ్మ పీట దగ్గర కూకోనుంది. పెద్ద కాయితం మీద తడి గుడ్డతో పసుపు కొంచెం కొంచెం తీసి సదువుతోంది.

"ఏటే అది? ఎవుర్తి ముట్టమంది?"

"బావా, ఇయ్యి అమ్మోర్లు కాదు."

"ఏటీ?"

"ఆడోల్ల ఏలిముద్రలు. ఒక్కో దాని పక్కన రాసుంది సూడు. సింహాద్రమ్మ, మొగుడు అప్పన్న, ఓడతో పోయినోడు. లోవమ్మ, మొగుడు కొండయ్య, ఓడతో పోయినోడు. జోగులమ్మ, మొగుడు గురువులు, ఓడతో పోయినోడు. ఏడుగురూ ముండమోపులే బావా. నాలాగ."

అది ఊరుకోలేదు, పైనున్నదీ సదివీసింది. ఆ మాటలు నాకిప్పటికీ వొచ్చు. "నా ఓడ మునిగిన నాడు పడవలోకి పట్టు బేళ్ళు దింపించి ఒడ్డుకు తెచ్చుకొన్నాను. కళాసీలు ఏడుగురిని ఓడ మీదనే విడిచినాను. ఆ పాపము నిమిత్తం, సదరు ఏడుగురి భార్యలకు సముద్రపు ఒడ్డున గల నా స్థలం యావత్తూ దఖలు పరచినాను. నాకు గాని నా సంతతి వారికి గాని అందులో యే హక్కూ లేదు."

"అర్దమయిందేటి బావా?" అంది. దాని మొకంలో నవ్వు లేదు, కోపం లేదు. ఓ లెక్క తేలినోల్ల మొకంలాగుంది. "పేట జాగా ఆ ఆడోల్లది. మన పేట జనం ఆల్ల మనవలు, మునిమనవలు. మా అమ్మ కూడా జోగులమ్మ కూతురి కూతురే, నా పాక జాగా ఆ కడుపునొచ్చిందే. మీ తాత పట్టు తెచ్చుకోని మనుసుల్ని ఒగ్గీసేడు."

నాను సాసి కొట్టేను. మల్లీ కొట్టేను. మీ నాయినమ్మ పరుగెత్తుకొచ్చి, సూసి, పెరట్లోకెల్లి అరిసీసింది. "ముండమోపి అమ్మోర్లని ముట్టీసింది." పేట జనం లోపలికొచ్చేరు. పేట పెద్ద కొర్లయ్య సెంపలేసుకున్నాడు. ఏటకెల్లీ ముందు ఇలాగయితే పడవలు మునిగిపోతాయన్నాడు. మైల తీయించాలన్నాడు. ఎలాగ తీయించాలో నాను సెప్పేను.

మా పెరట్లో సిమెంటు తొట్టి ఉంది గదా, సేపలు ఊరేసీది. దాని నిండా ఉప్పు నీల్లు. దేముడమ్మ సేతుల నిండా కత్తి గాట్లు, ముల్లు దిగిన కన్నాలు. మోసేతుల దాకా తొట్లో ముంచి, ఎండ నడినెత్తికొచ్చీదాకా తియ్యకూడదన్నాను. మీ నాయినమ్మ పక్కన కర్రట్టుకోని కూకుంది.

దేముడమ్మ ఏడవలేదు. ఆ పేర్లు సెప్పడం మొదలెట్టింది. సింహాద్రమ్మ, అప్పన్న. లోవమ్మ, కొండయ్య. ఏడూ సెప్పడం, మల్లీ మొదటికి రావడం. పెదాలు తెల్లబడిపోయేయి, అయినా సెప్తానే ఉంది. పేట ఆడోల్లు అది అమ్మోర్లకి మొక్కుకుంటోందనుకున్నారు. తొట్టి సుట్టూ నిలబడి దండాలెట్టేరు. ఓ ముసిల్ది, "తప్పు తెలుసుకుంది, పోన్లెండి" అని కల్లు తుడుసుకుంది.

నాను లోపల కాయితం మైల కడుగుతున్నాను. ఇత్తడి పల్లెంలో పసుపు నీల్లు, పాలు కలిపి, కాయితం అందులో ఎట్టేను. సిరా ముందు సాలుగా కదిలింది, తరవాత పల్లెమంతా నీలంగా అయిపోయింది. అప్పుడు తీసీవొచ్చు. తియ్యలేదు. ఇంకో సెంబు పోసేను. బుల్లీ, మైల కోసం కడిగేనని అందరికీ సెప్పేను. నా సంతతికి హక్కు లేదన్న వరస దేముడమ్మ ఏలెట్టి సదివిన సోటు నాకు గురుతే, ఆ వరస పోయీదాకా పల్లెం దగ్గిరే కూకున్నాను. ఇదీ రాయి.

మర్నాడు దేముడమ్మ సేతులకి గుడ్డలు సుట్టుకోని పేటకెల్లిపోయింది. నాను ఆపలేదు. దాని పాకలో అది ఉంది, రేవులో సేపలు కొని నక్కపల్లిలో అమ్ముకునీది. ఆ ఆడోల్ల సంగతి పేటలో సెప్పిందట. ఒక్కలూ నమ్మలేదు. మొగుడు పోయి మతి సెదిరిందన్నారు. నానూ అదే అన్నాను.

ఎనబై నాలుగులో రొయ్యపిల్లల్ని పెంచీ కంపినీ ఒకటి ఆ ఒడ్డు కావాలంది. సర్వేవోల్లొచ్చి గొలుసులు లాగేరు. పాకలకి నోటీసులంటించేరు. కొర్లయ్య, పేట జనం ఓ లారీ మీద నర్సీపట్నం వొచ్చి మా ఈదంతా కూకుండిపోయేరు.

"పోలిరాజు మావా, కాయితం నీ దగ్గరుంది. నువ్వే దిక్కు" అన్నాడు కొర్లయ్య.

ప్లీడరు రామనాథం గారి దగ్గరికి ఎల్లేం. పెద్ద కాయితం ఇప్పి టేబులు మీద ఎట్టేను. కాయితం ఈ సివర నుంచి ఆ సివరకి పసుపు. ఆయన అద్దాలు తీసి, తుడిసి, మల్లీ ఎట్టుకున్నారు.

"ఇదేమిటయ్యా, దస్తావేజా, పులిహోర తిన్న విస్తరా?"

ఎవులూ నవ్వలేదు. ఆయనే కాసేపు నవ్వి, తరవాత సెప్పేరు. "చూడండి. ఆ స్థలం మత్స్యలింగం అనే ఆయనదని పాత రికార్డులో ఉంది. ఆయన దాన్ని ఎవరికిచ్చాడో తేలాలి. ఏడుగురు మనుషులకిచ్చాడంటే వాళ్ళ వారసులు మీరు, మిమ్మల్ని ఎవరూ కదపలేరు. దేవతలకిచ్చాడంటే మనుషులకి హక్కు లేదు. గుడి మటుకు వదిలి మిగతాది సర్కారు తీసుకుంటుంది. ఇందులో ఏముందో చదివిన మనిషి ఎవరైనా ఉన్నారా?"

కొర్లయ్య నా మొకం సూసేడు. ఆ రోజు తొట్టి దగ్గర ఉన్నోల్లందరూ నా మొకమే సూసేరు. మతి సెదిరిన మనిషి మాట అప్పుడు అందరికీ గుర్తొచ్చింది.

"ఒక్కర్తి ఉందండి" అన్నాను.

పేటకెల్లేను. ఎనిమిదేల్ల తరవాత. దేముడమ్మ పాక ముందు కూకోని సేపలు దండ గుచ్చుతోంది. సేతుల మీద తెల్లటి మచ్చలు. కూకోమనలేదు.

"ఏటి బావా, దారి తప్పేవా?"

సంగతి సెప్పేను. ఇంది. సేప పక్కనెట్టింది.

"పేర్లన్నీ నాకున్నాయి. మొగుల్ల పేర్లతో సహా ఉన్నాయి. నువ్వే కంటతా పట్టించేవు. గానీ నా మాటొక్కటే ఎవుడు నమ్ముతాడు? కాయితంలో రాతుండీదని, నువ్వే కడిగీసేవని నువ్వు సెప్పాల."

"సెప్తాను."

"మీ తాత పట్టు బేళ్ళ సంగతి కూడా అందులోదే. అదీ అవునని సెప్పాల."

"సెప్తానన్నాను గదేటే."

"అయితే వొస్తాను. నా కోసం కాదనకు. నా కోసమే వొస్తన్నాను. ఈ పాక పోతే నాకింకేటీ లేదు" అంది.

విచారణ రోజు నర్సీపట్నంలో రెవిన్యూ ఆపీసు నిండా మా జనమే. మీ నాయినమ్మ నాకు తెల్ల పంచి ఉతికి ఇచ్చింది. టేకు పెట్టె నానే మోసుకెల్లేను. ఆపీసరు గారు కుర్రోడు, మెత్తటి మనిషి. పెట్టె తెరిపించేరు. రంగూను ముద్రల కాయితాలు రెండు సేతుల్తో పట్టుకోని సూసేరు. గాలి పుస్తకం సూసి గుమస్తాలని పిలిసి సూపించేరు.

"ఆ రోజుల్లో ఈ తీరం నుంచి సొంత ఓడ మీద రంగూను. పదకొండు సార్లు. ఎంత గుండె ఉండాలి" అన్నారు. నా కేసి సూసి, "మీరేనా మనవడు? నిలబడ్డారేం. ఆయనకి కుర్చీ వెయ్యండి" అన్నారు.

బంట్రోతు కుర్సీ తెచ్చి ఏసేడు. అందరూ నిలబడున్నారు, ప్లీడరు గారితో సహా. నానొక్కడినే కూకున్నాను. అరవై ఆరేల్లొచ్చేయి నాకప్పటికి. ఏ ఆపీసులోనూ నన్ను కూకోమన్నోడు లేడు.

దేముడమ్మని పిలిసేరు. అది సీర సెంగు నడుంకి దోపుకోని ముందుకొచ్చింది. సెప్పడం మొదలెట్టింది. ఎక్కడా తడబడలేదు. సింహాద్రమ్మ, మొగుడు అప్పన్న. లోవమ్మ, మొగుడు కొండయ్య. ఒక్కో పేరుకీ జనంలోంచి ఎవులో ఒకలు, "మా ముత్తవ్వ", "మా నాయినమ్మకి అమ్మ" అంటున్నారు. కొర్లయ్య పైడమ్మ పేరు ఇన్నప్పుడు గోడకానుకోని ఏడిసేడు. ఆపీసరు గారు అన్నీ రాయించుకున్నారు.

"ఎందుకిచ్చాడమ్మా ఆయన స్థలం?" అని అడిగేరు.

"ఓడ మునిగినప్పుడు పడవలో పట్టు ఎక్కించుకోని, ఈల్ల మొగుల్ని ఒగ్గీసేడు బాబూ. అలాగని ఆయనే రాయించేడు" అంది దేముడమ్మ.

గుమస్తాలు రాత ఆపి నన్ను సూసేరు. ఆపీసరు గారు సేతిలో ఉన్న రంగూను కాయితం టేబులు మీద ఎట్టీసేరు. మెల్లిగానే ఎట్టేరు గానీ, ఎట్టీసేరు.

"పోలిరాజు గారూ, ఆవిడ చెప్పింది నిజమేనా? ఈ కాయితంలో రాత ఉండేదా?"

నాను కుర్సీ సేతులు రెండూ గట్టిగా పట్టుకున్నాను.

"భయపడకండి. మీ తాతగారి తప్పు మీకు అంటదు. ఉండేదంటే ఉండేదని చెప్పండి. ఈ నలభై ఇళ్ళూ నిలబడతాయి."

పక్కన బంట్రోతు నోటికి సెయ్యి అడ్డెట్టుకోని పక్కోడితో ఏటో అన్నాడు. పట్టు అన్న మాట ఒక్కటే నాకినిపించింది.

"రాత లేదండి. అయి అమ్మోర్ల బొట్లండి" అన్నాను.

జనం గోలెట్టీసేరు. ఆపీసరు గారు అందరినీ ఆపి మల్లీ అడిగేరు. మరి ఈవిడకి పేర్లెలా వచ్చాయన్నారు.

"అమ్మోర్ల పేర్లు ఎవులికి రావండి. మొగుల్ల పేర్లు కల్పించింది. నా తమ్ముడు పోయినకాడినుంచీ దానికి మతి సరిగ్గా లేదండి. పేటలో ఎవుల్నయినా అడగండి."

ఆ ముక్క అబద్దం కాదు. ఎనిమిదేల్లు పేటంతా అదే అంది. ఆయన కొర్లయ్యని అడిగితే, కొర్లయ్య తల దించుకోని, అనీవోల్లమండి అన్నాడు.

ఆపీసరు గారు మూడో పాలి కూడా అడిగేరు. మూడో పాలికి అబద్దం నోటికి అలవాటయిపోతాది.

బయట మెట్ల మీద జనం నన్ను కొడతారనుకున్నాను. కొట్టలేదు. పక్కకి తొలిగి దారిచ్చేరు. దేముడమ్మ ఆకరి మెట్టు మీద కూకోనుంది.

"కుర్సీ బాగుందా బావా?" అంది.

నెలకి కాయితం వొచ్చింది. దేవతలకిచ్చిన స్థలం గనక ఏడు రాల్లకీ ఐదు సెంట్లు ఒదిలేరు. సుట్టూ గోడ కంపినీవోల్లే కట్టి, సున్నం కొట్టించి ఇచ్చేరు. మనుసులకి ఒక్క సెంటు లేదు. కుటుంబానికో జాగా రోడ్డు పక్కన ఇచ్చేరు, సముద్రానికి నాలుగు మైల్లు దూరం. పడవ అక్కడెట్టుకోని ఏటి సేస్తారు. సగం మంది అమ్మీసుకున్నారు. జాబితా రాసినప్పుడు ఒంటి మనుసుల్ని దగ్గిర సుట్టాల కుటుంబంలో రాయమన్నారట. కొర్లయ్య దేముడమ్మని నా కుటుంబంలో రాయించేడు. కక్షతోనే రాయించేడో, తెలవకే రాయించేడో. నాకెలాగూ పేటలో ఇల్లు లేదు గనక జాగా లేదు. దానికీ లేదు.

పాకలు పీకీ రోజు నాను ఎల్లలేదు. సాయంకాలం మా ఈదిలో ఓ ఎడ్లబండి ఆగింది. దేముడమ్మ దిగింది. బండి మీద తాటికమ్మలు, వాసాలు, నిట్టాడి. మా ఇంటి గోడనానుకోని, సరిగ్గా మా గుమ్మానికి అడ్డొచ్చీలాగ గొయ్యి తవ్వి నిట్టాడి పాతింది. మీ నాయినమ్మ సీపురట్టుకోని ఎల్లింది.

"ఇదేటే, మా గుమ్మంలోన?"

"ఈది నీదా అక్కా? అమ్మోర్లదేటి?"

మీ నాయినమ్మ సీపురు పట్టుకోని ఎనక్కొచ్చీసింది.

ఏడాదిన్నర అక్కడే ఉంది. సేపలు కోసీది, ఎండెట్టీది, సంతకెల్లీది. నాతో ఒక్క మాట లేదు. నాను బయటికెల్లాలంటే దాని పొయ్యి దాటి ఎల్లాల. సంతకొచ్చినోల్లు, "ఈ ఈదిలో పాకేటమ్మా?" అని అడిగీవోరు. "మా బావ కుటుంబంలో మనిషిని గదా" అనీది. ఇంకేటీ అనీది కాదు. రంగూను తండేలు మనవడన్న మాట ఊల్లో ఎవులూ అనడం మానీసేరు.

మొన్న ఎనబై ఆరులో పంచాయితీవోల్లొచ్చేరు. ఈదిలోకి సొచ్చుకొచ్చినయన్నీ తీయిస్తన్నారు. ఓ మేస్త్రీ, నలుగురు మనుసులు, గునపాలు. దేముడమ్మ పాక దగ్గరాగి, "ఇదెవరిది?" అన్నాడు మేస్త్రీ. దేముడమ్మ కత్తిపీట మీద వంజరం సేప కోస్తోంది. తలెత్తలేదు. ఆడు నా కేసి తిరిగేడు. "మీ ఇంటి వసారాలాగ గోడనంటుకుని ఉంది. మీదంటే గోడ వరకు సరిజేసి వదిలేస్తాం. కాదంటే పీకాలి."

అప్పుడు నా బుర్రలో ఏటుందో నాకు తెలవదు. ఒక్కపాలయినా దాని కొంప నిలబెడదావనే అనుకున్నానని ఇన్నాల్లూ నాకు నానే సెప్పుకున్నాను.

"మాదేనండి. నా పేర్న రాసుకోండి" అన్నాను.

ఆడు పుస్తకంలో రాసుకున్నాడు. పోలిరాజు, ఎండుసేపల యాపారం, వసారా ఒకటి. నా సేత ఏలిముద్ర ఏయించుకోని ఎల్లిపోయేడు.

దేముడమ్మ కత్తిపీట మడిసింది. సేతులు కడుక్కుంది. నా ముందుకొచ్చి నిలబడింది. ఏడాదిన్నర తరవాత మాటాడింది.

"ఇదీ నీ పేర్నే రాయించుకున్నావా బావా?"

"అది కాదే. పీకీస్తారని..."

"దానిదని సెప్పలేకపోయేవా? మూడచ్చరాలు."

"నీదంటే పీకీవోరే."

"పీకితే నా పాక పీకీవోరు" అంది.

అప్పుడే మొదలెట్టింది. కమ్మలు లాగి మా గుమ్మంలో ఏసింది, వాసాలు ఏసింది. అయన్నీ ఒగ్గీసింది. నిట్టాడి సుట్టూ మట్టి గునపంతో కాదు, సేతుల్తో తీసింది. మీ అయ్య సాయమెల్తే పక్కకి తోసీసింది. కర్ర భుజానెట్టుకోని, ఎండుసేపల గంప నెత్తినెట్టుకోని బస్టాండు కేసి నడిసింది. నాను ఎనకాలెల్లేను. "ఎక్కడికే, ఎక్కడికే" అని అడుగుతానే ఎల్లేను. సింతపల్లి కొండెక్కీ బస్సు ఆగుంది. కర్ర పైకెక్కించడానికి కూలోడు ఒప్పుకోలేదు. అదే నిచ్చిన ఎక్కి ఎట్టి, తాడుతో కట్టింది.

కండక్టరు తల బయటెట్టి, "ఈ దుంగెవరిదే?" అని అరిసేడు.

"నాది" అంది దేముడమ్మ.

బస్సెల్లిపోయింది. రెండేల్లయింది. కొండ మీంచి సంతకి దిగినోల్లని అడుగుతాను, సేతుల మీద తెల్లటి మచ్చలుంటాయి, ఎండుసేపలమ్ముతాది, సూసేరా అని. అమ్మీవోల్లు సానామంది ఉంటారు తాతా, పేరు సెప్పు అంటారు. దేముడమ్మ అంటాను. కొండ మీద ఆ పేరుతో ఓ గుడుంది, బస్సు దిగి ఎడమకెల్లు అని సెప్తారు.